పెట్టకూడదనుకున్న సంతకం: అల్ ఖోర్ మడ అడవిలో ఒక శుక్రవారం

ఈ బ్లాగులో ఇంతవరకు నేను రాసినవన్నీ తిండి గురించి, ఎడారి గురించి, బస్సుల గురించి. అల్ ఖోర్ దగ్గరి మడ అడవి గురించి రాయమని చాలామంది అడిగారు. దోహా నుంచి యాభై కిలోమీటర్లే కదా, ఎప్పుడైనా వెళ్ళొచ్చులే అని వాయిదా వేస్తూ వచ్చాను. చివరికి ఈ జనవరిలో వెళ్ళాల్సి వచ్చింది, పక్షుల కోసం మాత్రం కాదు. నా భార్య వసుధ ఒక బుధవారం మధ్యాహ్నం మెసేజ్ పెట్టింది: "శుక్రవారం పొద్దున్న పర్పుల్ ఐలాండ్‌కి రండి. స్పాన్సర్‌షిప్ కాగితం మీద మీ సంతకం కావాలి." పర్పుల్ ఐలాండ్ అంటే ఆ మడ అడవి ఉన్న దీవే. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకు ఈ మెసేజ్ చాలు. లేనివాళ్ళ కోసం చెబుతాను. వసుధ ఖతార్‌లో ఉంటున్నది నా స్పాన్సర్‌షిప్ మీద, అంటే నా భార్యగా. ఏడాదిగా అల్ ఖోర్‌లో ఒక స్కూల్లో లెక్కలు చెబుతోంది. నాలుగు నెలలుగా ఉండటం కూడా అక్కడే, తోటి టీచరుతో కలిసి. ఇప్పుడు స్కూలు స్పాన్సర్‌షిప్‌కి మారాలనుకుంటోంది. దానికి నేను అభ్యంతరం లేదని రాసి ఇవ్వాలి. అది ఇచ్చేస్తే ఈ దేశంలో ఆమెకు నాతో అవసరం ఉండదు. సంతకం పెట్టకూడదని తీర్మానించుకునే బయల్దేరాను. ఆమెను ఒప్పించి వెంటబెట్టుకు రావాలన్నది నా పథకం.

దారి సంగతి ముందే చెప్పేస్తాను. కారు లేనివాళ్ళు రెడ్ లైన్ మెట్రోలో లుసైల్ దాకా వెళ్ళి, అక్కడి నుంచి బస్సులో అల్ ఖోర్ చేరుకోవచ్చు. చవక. కానీ శుక్రవారం మెట్రో ఆలస్యంగా మొదలవుతుంది, బస్సుల మధ్య ఎడం కూడా ఎక్కువ. పైగా ఊరి నుంచి దీవికి మళ్ళీ టాక్సీ వెతుక్కోవాలి. నాకు కారు లేదు. లైసెన్సు పరీక్షలో మూడుసార్లు తప్పి, నాలుగోసారి సిగ్గుపడి మానేశాను. అందుకని దోహా ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ పేటలో, వసుధ వెళ్ళాక నేను మారిన షేరింగ్ విల్లా దగ్గరి డ్రైవర్ రాజేశాన్ని అడిగాను. జగిత్యాల వైపు మనిషి, యాభై దాటాయి, ఖతార్ వచ్చి పద్దెనిమిదేళ్ళు. సగం రోజుకు నూట ఎనభై రియాళ్ళకు ఒప్పుకున్నాడు. పొద్దున ఏడున్నరకు బయల్దేరాం.

సముద్రం ఒడ్డున కార్నీష్ రోడ్డు దాటి, లుసైల్ మేడల పక్కనుంచి హైవే ఎక్కేదాకా నేనేమీ మాట్లాడలేదు. బండిలో మాత్రం ఏదో చప్పుడు వస్తూనే ఉంది. కత్తెర ఆడుతున్న చప్పుడు, నడుమ చాట కదిపిన చప్పుడు, ఎక్కడో కోడి. రేడియో అనుకున్నాను. కాదు. గేరు పక్కన గుంటలో ఫోను పడి ఉంది, కాల్ నడుస్తోంది.

"మా ఇంటామె సార్," అన్నాడు రాజేశం. "బీడీలు చేస్తది. ఆకు కత్తిరిస్తున్నది. పొద్దుగాల బండి తీసినప్పుడు కాల్ పెడ్త. వీడియో పెట్టను, రాడార్ కెమెరా ఫైన్ కొడతది. ఊకె గట్ల ఇనుకుంట పోత."

"ఏం మాట్లాడుకుంటారు?"

"ఏం మాట్లాడుతం సార్? మాటలన్నీ ఎప్పుడో అయిపోయినయ్." నవ్వాడు.

ఫోన్లోంచి ఆడమనిషి గొంతు వచ్చింది. "ఎవలయ్యా బండ్ల?"

"ఆంధ్ర సారు. ఖోర్ పోతున్నం."

"దుబాయ్ల గా ఊరు కూడ ఉన్నదా?" అని ఆమె మళ్ళీ కత్తెర అందుకుంది. పద్దెనిమిదేళ్ళు గడిచినా ఆమె లెక్కలో భర్త ఉన్నది దుబాయ్‌లోనే.

ఫోను మీంచి చూపు తిప్పుకోలేకపోయాను. ఎందుకంటే ఈ అలవాటు నాదీ. మాది అనకాపల్లి. పెళ్ళయిన రెండో ఏడే నేను ఖతార్ వచ్చేశాను. ఎనిమిదేళ్ళు క్యాంపుల్లో, బ్యాచిలర్ గదుల్లో గడిచాయి. ఆ ఎనిమిదేళ్ళూ గల్ఫ్‌లో సగం మంది చేసే పనే నేనూ చేశాను. డ్యూటీ నుంచి రాగానే వీడియో కాల్ పెట్టి, ఫోను తలగడకు ఆనించేవాణ్ణి. అక్కడ వసుధ వంట చేసుకునేది, ఇక్కడ నేను బట్టలు ఉతుక్కునేవాణ్ణి. అది లేకపోతే నేను బతికేవాణ్ణి కాదు. ఇందులో అతిశయోక్తి లేదు.

తప్పు తర్వాత జరిగింది. జీతం పెరిగి, ఫ్యామిలీ వీసా దొరికి, దోహాలోనే అల్ హిలాల్‌లో రెండు గదుల ఫ్లాట్ తీసుకుని వసుధను తీసుకొచ్చాను. ఆఫీసుకు ఇల్లు ఆరు కిలోమీటర్లు. అయినా కాల్ ఆపలేదు. పొద్దున్న డ్యూటీ ఎక్కగానే ఫోన్ చేసేవాణ్ణి. ఆమె దాన్ని వంటగట్టు మీద ఆవకాయ జాడీకి ఆనించి పని చేసుకోవాలి. తెరలోంచి కాస్త పక్కకు వెళ్తే "ఎక్కడికెళ్ళావ్?" అనేవాణ్ణి. స్నానానికి ఎంతసేపు, కింద కొట్టుకు ఎంతసేపు, పక్కింటావిడతో మాటలకు ఎంతసేపు, అన్నీ నాకు తెలియాలి. అనుమానం కాదు, దేవుడి సాక్షిగా కాదు. ఆమె కనిపించకపోతే నాకు ఊపిరాడదు, అంతే. దాన్నే ప్రేమ అనుకున్నాను. మావాళ్ళూ అలాగే అన్నారు, "ఎంత అభిమానంరా నీకు పెళ్ళామంటే" అని. ఒకరోజు పదకొండు గంటలకు తెర నల్లబడింది. ఎవరో తువ్వాలు కప్పినట్టు. పిలిచాను, పలకలేదు. టాక్సీ ఎక్కి ఇంటికి పరిగెత్తాను. వసుధ బాల్కనీలో కింద కూర్చుని ఉంది. చేతిలో పుస్తకం లేదు, ఫోను లేదు.

"ఏటి చేస్తున్నావ్ ఇక్కడ?"

"ఏటీ లేదు. ఎవరూ చూడకుండా కాసేపు ఊరికే కూర్చుందామని."

మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. నన్ను తువ్వాలు కింద పెట్టేసిందని నా ఉక్రోషం. ఆ నెలలోనే ఆమె అల్ ఖోర్ స్కూలుకు దరఖాస్తు పెట్టిందని తర్వాత తెలిసింది.

రాజేశం బండిలో ఈ గొడవంతా తలలో తిరుగుతుండగా చప్పుడు ఆగిపోయింది. కత్తెర లేదు, చాట లేదు. నేను ఫోను వైపు చూశాను. ఒక నిమిషం, రెండు నిమిషాలు. గుడారం ఆకారంలో కట్టిన పెద్ద స్టేడియం కుడివైపు కనిపిస్తోంది, చూడదగ్గదే. నేను చూడలేదు.

"ఏమైందో కనుక్కో," అన్నాను.

"ఏంది సార్?"

"మీ ఆవిడ. చప్పుడు లేదు."

"ఏడికో పోయింది."

"ఎక్కడికి?"

రాజేశం నన్ను అద్దంలో వింతగా చూశాడు. "నాకేమెరుక సార్? పనుంటది. పోయింది. అస్తది." నేను ఇంకా ఫోను వైపే చూస్తున్నానని గమనించి, "గామె రాకుంటె నేను ఈడికెల్లి ఏం జేస్త? ఆమె బతుకు ఆమెకున్నది గద," అన్నాడు. ఆ తర్వాత అయిదు నిమిషాలకు కత్తెర మళ్ళీ మొదలైంది. ఎక్కడికెళ్ళావని అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. అదే ఫోను, అదే కాల్, అదే ఎడబాటు. నాకు అసూయ వేసింది, కొంచెం కోపం కూడా వచ్చింది.

ఎనిమిదింపావుకు అల్ ఖోర్‌లో ఒక చిన్న కెఫెటీరియా దగ్గర ఆగి కరక్ చాయ్, పరోటా తీసుకున్నాం. ఇద్దరికీ కలిపి పది రియాళ్ళ లోపే. అక్కడి నుంచి దీవి పది నిమిషాల దూరం. ఊరి చివర చిన్న వంతెన దాటితే మడ చెట్లు మొదలవుతాయి. వేల ఏళ్ళ కిందట ఇక్కడ సముద్రపు నత్తలను చితక్కొట్టి ఊదా రంగు తీసేవారట. రాజుల బట్టలకు అద్దే రంగు. దీవికి ఆ పేరు అందుకే. చెక్క వంతెన మీద నడుస్తూ అడవి లోపలిదాకా వెళ్ళొచ్చు. కాకినాడ దగ్గర కోరంగి చూసినవాళ్ళకు ఇది పిల్లకాలువలా అనిపిస్తుంది. కానీ చుట్టూ ఎడారి పెట్టుకుని మధ్యలో ఈ పచ్చదనం చూస్తే ఎవరైనా నిలబడి చూడాల్సిందే. నీరు వెనక్కి తగ్గి ఉంది. బురదలోంచి వేళ్ళు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి, జానెడు ఎత్తున, లెక్కలేనన్ని. దూరంగా రాజహంసలు గుంపుగా నిలబడి ఉన్నాయి. ఫొటోలు తీయలేదు, క్షమించండి.

వసుధ ముందే వచ్చి చెక్కబల్ల మీద కూర్చుని ఉంది. కాటన్ చీర, కాళ్ళకు బూట్లు. కాస్త ఒళ్ళు చేసింది. నా దగ్గరున్నప్పుడు చిక్కిపోతూ ఉండేది. ఆ సంగతి నాకిప్పుడే తట్టింది.

"తిన్నారా?" అంది.

"తిన్నాను. నువ్వు?"

"తినీసి వచ్చాను." ప్లాస్టిక్ కవరులోంచి కాగితం తీసింది. ఒక్క పేజీ, అరబిక్ ఒకవైపు, ఇంగ్లీషు ఒకవైపు. కింద నా పేరు టైపు చేసి ఉంది.

నేను దాన్ని చూడనట్టే మాట మొదలుపెట్టాను. వారమంతా తయారు చేసుకున్న ఉపన్యాసం అది. మా నాన్న గుళ్ళో ప్రవచనాలు చెప్పేవారు, వేదాంతం నాకు చిన్నప్పట్నుంచీ నోటికొచ్చు. అందులోంచి నాకు పనికొచ్చే ముక్కలు ఏరుకున్నాను. వివాహం అగ్నిసాక్షిగా జరిగినది. ఏడడుగులు నడిచాం. నాతిచరామి అన్నాం. ఇప్పుడీ కాగితం ముక్క కోసం దాన్ని వదిలేస్తావా?

వసుధ శ్రద్ధగా వింది. క్లాసులో పిల్లాడు లెక్క తప్పు చేస్తుంటే చివరిదాకా చెయ్యనిచ్చే టీచరులాగా.

"నాతిచరామి అన్నది మీరు," అంది. "పెళ్ళికొడుకు చేత అనిపిస్తారు దాన్ని. నేను హద్దు మీరను అని. నేనేటీ అనలేదండీ ఆ రోజు, తలొంచుకుని కూర్చున్నాను."

నాన్న ఎన్నిసార్లు చెప్పారో ఆ మంత్రం గురించి. ధర్మంలో, అర్థంలో, కామంలో ఈమెను మీరి ప్రవర్తించను అని వరుడు చేసే ప్రమాణం అది. పెళ్ళయినప్పట్నుంచీ దాన్ని నేను ఆమె మెడకు కడుతూ వచ్చాను.

"నేను నిన్ను కొట్టానా? తిట్టానా? ప్రేమించడం తప్పా?"

"తప్పని ఎవరన్నారు?" అంది. "మా రూమ్మేట్ శ్రీలంకావిడ. బౌద్ధులు. రోజూ పొద్దున్న కూర్చుని అందరూ సుఖంగా ఉండాలని అనుకుంటుంది, దాన్ని మైత్రి అంటారట. ఆవిడ ఒక సంగతి చెప్పింది. మైత్రికి ఇద్దరు శత్రువులట. దూరంగా ఉండేది ద్వేషం. దాన్ని ఎవరైనా గుర్తుపడతారు. రెండోది దగ్గరే ఉంటుందట, మైత్రి లాగే నవ్వుతుందట, అన్నం తిన్నావా అని అడుగుతుందట. అది రాగం. పట్టుకోవడం. ఆవిడ చెప్తుంటే నాకు మన వంటగట్టు కనిపించింది."

"ఓహో, నాలుగు నెలల్లో బుద్ధుడు ఎక్కీసాడన్నమాట," అన్నాను వెటకారంగా.

"మనకి ఎక్కితే ఆశ్చర్యమే. చిన్నప్పుడు మనూరి పక్క కొండ మీద ఆయనకి రాళ్ళేసిన వాళ్ళం."

నిజమే. మా వైపు పండగ మర్నాడు పిల్లలం బౌద్ధుల కొండకు వెళ్ళి, అక్కడి రాతి బొమ్మను రాక్షసుడనుకుని రాళ్ళు రువ్వేవాళ్ళం. పెద్దలు చెప్పారని. పెద్దయ్యాక ఆ కొండ ఏమిటో తెలిసి సిగ్గుపడ్డాను. ఆ మాటకు ఇద్దరికీ నవ్వు వచ్చింది. ఆ ఒక్క నిమిషం చాలా బాగుంది. వెంటనే దాన్ని పట్టుకున్నాను, ఉడుము పట్టు.

"సరే, సంతకం పెడతాను. కానీ రోజుకోసారి ఫోన్ చెయ్యాలి. ఒక్కసారే. పది నిమిషాలు."

నవ్వు పోయింది. "చూసారా," అంది మెల్లగా.

"పోనీ రెండు రోజులకోసారి."

ఆమె కాగితాన్ని నా వైపు జరిపింది. నేను లేచి వంతెన చివరిదాకా నడిచాను. తొమ్మిదిన్నర అయింది, ఎండ ఇంకా మెత్తగానే ఉంది. కింద బురదలో చిన్న పీతలు నా నీడ పడగానే బొరియల్లో దూరుతున్నాయి, నీడ తప్పుకుంటే బయటికొస్తున్నాయి. నాన్న చెప్పిన మరో మాట గుర్తొచ్చింది. మమకారం అంటే ప్రేమ కాదురా, "నాది" అనడం అనేవారు. ఆవును ప్రేమించు, పాలు నీవి అనుకోకు. అప్పుడది నాకు చాదస్తంగా తోచింది. పాలు నావి కాకపోతే ఆవెందుకు అని నేనడిగితే నెత్తిన ఒక్కటిచ్చారు. ఇప్పుడు నలభై నాలుగేళ్ళొచ్చి, పరాయి దేశపు బురదగట్టు మీద నిలబడి అదే ప్రశ్న అడుగుతున్నాను. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

తిరిగి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాను.

"ఈ కాగితం అయిపోతే విడాకులా?"

"తెలీదండీ. నిజంగా తెలీదు. నా రెసిడెన్సీ కార్డు మీద మీ పేరున్నంత కాలం నేనేది అనుకున్నా, మీరు ఒప్పుకుంటారా లేదా అన్న దగ్గరే ఆగిపోతోంది. ఒకసారి నా అంతట నేను ఉండి చూడాలి. అప్పుడు మీరంటే నాకు ఏటో తెలుస్తుంది."

"పెన్ను లేదు," అన్నాను.

"తెచ్చాను."

పెట్టాను. బల్ల గరుకుగా ఉంది, సంతకం కొంచెం వంకరపోయింది. జ్ఞానోదయమై పెట్టానని మీరనుకోకండి. ఆమె ముఖం చూసి, ఇంక వాదించే ఓపిక లేక పెట్టాను. ఆమె కాగితాన్ని గాలికి ఆరనిచ్చి, మడత పడకుండా కవరులో పెట్టుకుంది. ఆమె కళ్ళలో నీళ్ళు చూశాను. నాకు ధైర్యం వచ్చింది.

"ఇప్పుడైనా ఇంటికొస్తావా?" అన్నాను.

వసుధ నా వైపు తిరిగింది. "అందుకా పెట్టారు?"

అందుకే పెట్టాను. వదిలేస్తున్నానని అనుకుంటూ ఎర వేశాను, ఆ సంగతి ఆమె అడిగేదాకా నాకే తెలియదు. ఆమె కోప్పడలేదు. నా చొక్కా భుజం మీద ఏదో ఆకు ఉంటే తీసేసింది.

"మీరు ముందు వెళ్ళండి," అంది. "నేను కాసేపుండి వెళ్తాను. ఏ దారిన వెళ్తానో, ఎవరు తీసికెళ్తారో చూడొద్దు. ఈ ఒక్కటీ చెయ్యండి నాకోసం."

వంతెన పొడుగునా నడిచాను. వెనక్కి తిరగకుండా నడవడం ఎంత కష్టమో అప్పటిదాకా నాకు తెలియదు, ఎప్పుడూ అలా నడవలేదు కాబట్టి. రాజేశం బండి నీడన పెట్టుకుని కూర్చున్నాడు. "మేడం అస్తలేదా?" అన్నాడు. లేదన్నాను. "మంచిది. యల్లా, పోదాం," అని తలుపు తీశాడు. ఇంకేమీ అడగలేదు. దారిలో ఆగుదామా అంటే వద్దన్నాను. పదకొండు కాకముందే ఓల్డ్ ఎయిర్‌పోర్ట్‌లో దిగిపోయాను. శుక్రవారం కదా, మధ్యాహ్నం ప్రార్థనలు అయ్యేదాకా వీధి బోసిగానే ఉంటుంది.

ఇది జరిగి మూడు వారాలు. ఆమె ఫోన్ చేయలేదు, నేనూ చేయలేదు. ఇది నా గొప్ప కాదు, రోజూ నంబరు తీసి మళ్ళీ పెట్టేస్తున్నాను. తృష్ణ దుఃఖానికి మూలమని బౌద్ధం అంటుంది. ఫలం మీద హక్కు వదులుకుని ప్రేమించమని మన పెద్దలు అంటారు. రెండూ ఒకటేనా అని పండితులు తేల్చుకోనీ. నేను పొద్దున్నే లేచి, ఆ శ్రీలంకావిడలా కళ్ళు మూసుకుని కూర్చుంటున్నాను. వసుధ సుఖంగా ఉండాలి అనుకుంటాను. అనుకోవడం తేలికే, నిజంగానే అనుకుంటాను. కానీ ప్రతిసారీ ఆ వాక్యం ఆగాల్సిన చోట ఆగదు. చివర "నా దగ్గర" అని దానంతటదే వచ్చి తగులుకుంటుంది. దాన్ని తీసేసి మళ్ళీ మొదట్నుంచి మొదలుపెడతాను. ఇంతవరకు ఒక్క రోజు కూడా ఆ వాక్యాన్ని పూర్తిగా ఆమెకు ఇవ్వలేకపోయాను.

వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. దీవి నుంచి తిరిగొచ్చేటప్పుడు ఊరి మొదట్లో రౌండబౌట్ వస్తుంది, అక్కడ చాలామంది తికమకపడతారు. దోహా అని బోర్డు ఉన్న దారి పట్టుకుంటే నేరుగా హైవే మీదికి చేరుస్తుంది. రెండో దారి ఊళ్ళోకి, ఇళ్ళ వైపు పోతుంది. అది ఎలా ఉంటుందో నేను చెప్పలేను, అటు చూడలేదు.